పుర్రచేతి వాటం

2024 అక్టోబరు 16 సాయంత్రం. ఆ వారమంతా మా వైపు వాన. పిల్లల పేపర్లు దిద్దుతూ మధ్యలో ఫోన్ చూస్తే నీతూ డేవిడ్ పేరు కనిపించింది. అంతర్జాతీయ క్రికెట్ మండలి తన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆమెను ఎంపిక చేసిందట. చేతిలో ఎర్రపెన్ను అట్లాగే పట్టుకుని కనిగిరిలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, మన నీతూకి వచ్చిందక్కా!"

"ఏమొచ్చిందమ్మే? జొరమా?"

మా ఇద్దరికీ నీతూ అంటే ఇంటిమనిషి లెక్కే. ఆమెది కాన్పూరు. మేమెప్పుడూ ఆమెను చూడలేదు. ఆమె వేసిన బంతి ఒక్కటి కూడా చూడలేదు. అయినా ముప్ఫై ఏళ్ళుగా ఆమె అభిమానులం. చూడని ఆటకి అభిమానులెట్లా అయ్యారని ఎవరైనా అడిగితే నేను నా ఎడమచేతి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాది పుర్రచేతి వాటం. ఇప్పుడు నా రాత చూసినవాళ్ళెవరూ నమ్మరు. కుడిచేత్తో గుండ్రంగా రాస్తాను, బోర్డు మీద కూడా. మా వైపు పిల్లలందరిలాగే నేనూ మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దాను. బలపం ఎడమచేతిలోకి వెళ్ళినప్పుడల్లా పంతులుగారు ఆ చేతి వేళ్ళ మీద పలక చెక్క అంచుతో కొట్టేవారు. ఇంట్లో మా అవ్వ అన్నం పెట్టే ముందు నా ఎడమచెయ్యిని లంగా బొందుతో నడుముకి కట్టేసేది. ఆమెకి నా మీద కోపమేం లేదు. "అత్తగారింట్లో ఎడమచేత్తో వడ్డిస్తే నిన్ను కాదే, నన్నంటారు" అనేది. ఏడాది తిరిగేసరికి నేను బాగుపడ్డాను. బాగుపడటం అనే మాటే వాడారు, రోగం నయమైనట్టు.

అయితే ఆ చెయ్యిని పూర్తిగా పక్కన పెట్టారా అంటే అదీ లేదు. మా ఊరి నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. పళ్ళు గారపట్టించే, కీళ్ళు బిగదీసే ఫ్లోరైడ్ నీళ్ళు. కాస్త మంచినీళ్ళు దొరికే చోటికి ఆడపిల్లలం బిందెలతో నడిచేవాళ్ళం. బిందె ఎడమ చంకన. తమ్ముడిని ఎత్తుకుంటే వాడూ ఎడమ చంకనే, కుడిచెయ్యి పనికి ఖాళీగా ఉండాలి కాబట్టి. రాయడానికి, తినడానికి, వడ్డించడానికి, డబ్బు ఇవ్వడానికి పనికిరాని చెయ్యి బరువు మోయడానికి మాత్రం పనికొచ్చింది. తర్వాత తెలుగు ఎమ్మేలో చేరాక ఒకరోజు నిఘంటువు తిరగేస్తుంటే 'వామము' అంటే ఎడమ అనీ, 'వామ' అంటే స్త్రీ అనీ పక్కపక్కనే కనిపించాయి. క్లాసులో అందరూ పద్యానికి ప్రతిపదార్థం రాసుకుంటున్నారు. నేను ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాను.

బంతి వేసే చెయ్యిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కొండ వైపు ఖాళీ జాగాలో మా అన్న, వాడి స్నేహితులు ఆడేవాళ్ళు. అవతలి వీధి జట్టులో ఒక ఎడమచేతి బౌలరుండేవాడు. వాడి బంతి వీళ్ళకి ఆడటానికి వచ్చేది కాదు. లోపలికి వస్తున్నట్టే వచ్చి, నేల మీద పడ్డాక బ్యాటు పక్కనుంచి బయటికి పోయేది. అలవాటు కావడానికి ఒక ఎడమచెయ్యి కావాల్సొచ్చి నన్ను పిలిచారు. పదకొండేళ్ళదాన్ని. వెనక కీపరుగా మా పెద్దమ్మ కూతురు, అంటే ఈ అక్క. ఎడమచేతి స్పిన్నరుకి మంచి కీపరు లేకపోతే సగం వికెట్లు రావు. బ్యాటరు ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయినప్పుడు వెనక ఎవరో ఒకరు పట్టి వికెట్లు పడగొట్టాలి. అక్క కళ్ళు మూసి తెరిచేలోగా ఆ పని చేసేది. రెండేళ్ళపాటు ఆ వీధి మగపిల్లలందరినీ మేమిద్దరం అవుట్ చేశాం. మాకు బ్యాటింగ్ ఇవ్వలేదు, మ్యాచ్‌లోకి తీసుకోలేదు. నేను పెద్దమనిషినయ్యాక అదీ ఆగిపోయింది. అక్కకి పదిహేడేళ్ళకి పెళ్ళి చేశారు.

1995 నవంబరు చివర్లో శాఖా గ్రంథాలయంలో పేపరు చూస్తుంటే ఆటల పేజీలో అడుగున నాలుగు లైన్లు కనిపించాయి. జంషెడ్‌పూర్‌లో ఇంగ్లాండుతో జరిగిన మహిళల టెస్టులో నీతూ డేవిడ్ అనే అమ్మాయి ఒక ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీసింది. వయసు పద్ధెనిమిది. నా వయసే. ఎడమచేతి స్పిన్నరు. నాలుగో లైనులో, భారత జట్టు 2 పరుగుల తేడాతో ఓడిపోయిందని.

ఎనిమిది వికెట్లు తీసి కూడా రెండు పరుగులతో ఓడిపోవడం! ఆ రెండు పరుగుల దుఃఖం నాకిప్పటికీ పోలేదు. ఆ లైన్లు నోటుబుక్కులో రాసుకుని ఇంటికెళ్ళి అక్కకి ఉత్తరం రాశాను. అక్క జవాబు ఒక్కటే వాక్యం. "కీపరు ఎవరో కనుక్కో."

ఆడవాళ్ళ టెస్టుల్లో ఒక ఇన్నింగ్స్‌లో అంతకంటే మంచి బౌలింగు ఈ రోజుకీ లేదు. ఆమె మొత్తం 10 టెస్టుల్లో 41 వికెట్లు, 97 వన్డేల్లో 141 వికెట్లు తీసింది. మన దేశంలో వన్డేల్లో వంద వికెట్లు దాటిన మొదటి స్త్రీ ఆమే. ఈ అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. నా దగ్గర ఉన్నవి అంకెలే.

మా అన్న సంగతి వేరు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీలో పాకిస్తాన్ మీద అనిల్ కుంబ్లే పది వికెట్లూ తీసినప్పుడు వాడు టీవీ ముందున్నాడు. ఈ రోజుకీ పది వికెట్లూ వరసగా చెప్తాడు. ఎవరు ఎట్లా అవుటయ్యారో, ఆ టైములో తన పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరింటి టీవీనో. 2015లో కుంబ్లే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు ఆ కథంతా మళ్ళీ చెప్పాడు. అభిమానం అంటే జ్ఞాపకం అని వాడిని చూసి తెలుసుకున్నాను. మరి మా అభిమానానికి జ్ఞాపకమే లేదు. 1997 డిసెంబరులో మహిళల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగింది. ఒక మ్యాచ్ విజయవాడలో కూడా జరిగింది, ఇంగ్లాండుకీ పాకిస్తాన్‌కీ. కనిగిరి నుంచి బస్సెక్కితే అదే రోజు చేరే ఊరు. మాకా సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 2005 ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికాలో మన అమ్మాయిలు మొదటిసారి ప్రపంచ కప్పు ఫైనల్ ఆడి ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయారు. ఆ టోర్నమెంటులో అందరికంటే ఎక్కువగా 20 వికెట్లు తీసింది నీతూయే. అది కూడా మర్నాడు పేపర్లో చదివిందే. అప్పటికి ఆడవాళ్ళ క్రికెట్ బీసీసీఐ కిందకి రానేలేదు. 2006లో వచ్చింది. అంతకుముందు ఆడినవాళ్ళలో చాలామందిని నిలబెట్టింది రైల్వే ఉద్యోగమే. నీతూ కూడా రైల్వేస్ జట్టు మనిషే.

హాల్ ఆఫ్ ఫేమ్‌ని 2009లో మొదలుపెట్టినప్పుడు మన దేశం నుంచి బిషన్ సింగ్ బేడీ ఉన్నారు, ఎడమచేతి స్పిన్నరే. మన స్త్రీ ఒకరు అందులోకి వెళ్ళడానికి 2023 దాకా పట్టింది. డయానా ఎడుల్జీ. ఆమెదీ ఎడమచెయ్యే. మరుసటి ఏడు నీతూ. మన దేశం నుంచి మొదట గుర్తించిన ఇద్దరు స్త్రీలూ పుర్రచేతివాళ్ళే కావడం చూసి నవ్వొచ్చింది. వాళ్ళ అవ్వలెవరూ లంగా బొందు వాడలేదన్నమాట.

ఆ ఆదివారం కనిగిరి వెళ్ళాను. అక్క కోడికూర, గారెలు చేసింది. పాకం గారెలు వేరే. బావగారు ఏంది విశేషమన్నారు. "మా నీతూకి గౌరవం జరిగింది" అంది అక్క. "ఎవరు? మీ చెల్లెలి కాలేజీలో మేడమా?" అన్నారాయన. మేమిద్దరం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం. తిన్నాక అక్క కూతురు ఫోనులో వెతికింది. కొన్ని ఫొటోలు, ఆమె మాట్లాడిన చిన్న వీడియో దొరికాయి. జంషెడ్‌పూర్ బంతి ఒక్కటీ మాకు దొరకలేదు. అక్క ఆ ఫొటోనే చాలాసేపు చూసింది. "చెయ్యి బాగా పైకి లేస్తందమ్మే. నువ్వు ఇంత లేపేదానివి కాదు" అంది. మోకాళ్ళు బిగుసుకుపోయి మనిషి కింద కూర్చోలేదు. అయినా చూపు మాత్రం కీపరుదే.

పండగలాగే ఉంది. కానీ తిరిగి వస్తుంటే బస్సులో ఒక సంగతి గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది. ఈ వ్యాసం రాస్తున్నది నిజానికి దాని గురించే.

2004లో నా కూతురికి మూడేళ్ళు. బంధువుల పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నాం. పిల్ల ఎడమచెయ్యి ఆకులో పెట్టింది. ఎదురు వరసలో ఎవరో చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తగారు కూడా అనలేదు. నేనే ఆ చేతి మీద చరిచాను. గట్టిగానే. తర్వాత ఇంట్లో రోజూ గుర్తు చేశాను, బలపం పట్టినప్పుడు, ముద్ద కలిపినప్పుడు. బొందు కట్టలేదు. 'మంచి చెయ్యి ఏది?' అని ముద్దుగా అడిగేదాన్ని. పిల్ల కుడిచెయ్యి చూపిస్తే ముద్దు పెట్టేదాన్ని. మా అవ్వకంటే నా పద్ధతి మెత్తన. ఫలితం మాత్రం అదే. నోటుబుక్కులో నీతూ అంకెలు దాచుకున్న మనిషినే, స్త్రీవాద సాహిత్యం పాఠం చెప్తున్న మనిషినే. ఆ మరుసటి ఏడు 20 వికెట్ల వార్త చదివి మురిసిపోయినప్పుడు కూడా నాకు ఈ రెండూ ఒకటేనని తట్టలేదు.

బెంగుళూరులో ఉన్న పిల్లకి ఆ రాత్రి ఫోన్ చేశాను. నీతూ గురించి చెప్పి, తడబడుతూ ఇదీ చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాదా? నాది కుడిచెయ్యే కదమ్మా" అంది.

దానికి గుర్తే లేదు. నాకు దెబ్బలు గుర్తున్నాయి కాబట్టి నా దగ్గరనుంచి తీసుకున్నదేమిటో నాకు తెలుసు. దాని దగ్గరనుంచి నేను తీసుకున్నది దానికి తెలియను కూడా తెలియదు. ఆటల్లో మన పేర్లు రికార్డుల్లోకి ఎక్కలేదని, ఫొటోలు లేవని బాధపడతాం. ఇళ్ళల్లో మనం చెరిపినవాటికి ఏ రికార్డూ ఉండదు.

2025 ఆగస్టు 19న ప్రపంచ కప్పు జట్టుని ప్రకటించారు. అప్పటి సెలక్షన్ కమిటీ అధ్యక్షురాలు నీతూ డేవిడ్. జట్టులో ఉన్న ఎడమచేతి స్పిన్నర్లలో ఒకరు మన శ్రీ చరణి, కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి. ఎంపిక ఒక్కరు చేసేది కాదని తెలుసు. అయినా అక్క ఫోన్ చేసి, "చూశావా, ఆమె చెయ్యి ఈమెకిచ్చింది" అంది. అక్టోబరు 12న విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలి రాజ్ పేరు, ఒక గేటుకి కీపరు రావి కల్పన పేరు పెట్టారు. కీపరు పేరు పెట్టినందుకు అక్క ఎంత సంతోషించిందో చెప్పలేను. ఆ రోజు మ్యాచ్‌లో మనం ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయాం. శ్రీ చరణి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. ప్రతి బంతీ చూశాం. బంతి లోపలికి వస్తున్నట్టే వచ్చి బయటికి పోవడం, బ్యాటరు తడబడటం, అన్నీ. ఇప్పుడు మాకూ చెప్పుకోవడానికి జ్ఞాపకాలున్నాయి, మా అన్నలాగా. అప్పుడు నా పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చెప్పగలను.

నవంబరు 2 ఫైనల్ రోజుకి పిల్ల ఇంటికొచ్చింది. నవీ ముంబైలో వానపడి ఆట ఆలస్యంగా మొదలైంది. ఎదురుచూస్తూ నేల మీద కూర్చుని, బుట్టలోంచి ఒక బత్తాయి తీసి, టీవీ వైపు చూస్తూనే దాన్ని పైకి ఎగరేసి పట్టుకుంటూ ఉంది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. ఎగరేసేదీ పట్టుకునేదీ ఎడమచెయ్యే.

నేను చూస్తున్నానని గమనించి, "ఏందమ్మా?" అంది.

"ఏం లేదు. ఆట మొదలవుతుంది, చూడు" అన్నాను.