పిండి పురుగు

కండ్లకోయలో మేం అద్దెకుంటున్న ఇంటి మెట్ల మీద ఆరు పూలకుండీలున్నయి. మూడు క్రోటన్లు, రెండు మందారాలు, ఒక మనీప్లాంటు. నాకు గవర్నమెంటు బడిలో టీచరు కొలువు వచ్చినంక మేడ్చల్ రోడ్డు పక్క నర్సరీలో కొన్నవి. తినడానికి పనికిరాని చెట్టుకు పైసలు పెట్టడం మా ఇంటావంటా లేదు. మా మాదిగవాడలో చెట్టంటే ఎవరిదో అయి ఉంటది, దానికింద చాకిరీ మాత్రం మాది.

ఈ ఎండాకాలం మందారం చిగుర్లు ముడుచుకుపోయినయి. కొమ్మల సందుల్లో తెల్లటి దూది. ఆకుల మీద జిగట, ఆ జిగట మీద మసిలాంటి నలుపు, మొదలు నుంచి పైదాకా చీమల బారు. చదువుకున్నదాన్ని కదా, మందుల దుకాణానికి పోయి సీసా తెచ్చిన. మూత తీయంగనే మా అవ్వ వాసన పట్టింది. "పిల్లలు తిరిగే ఇంట్లకు దీన్నెందుకు తెచ్చినవే?" అని నా చేతిలోంచి గుంజుకున్నది. కుండీ దగ్గర కూసోని ఆకు తిప్పి చూసింది. "ఇది ద్రాక్షతోటల పిండి పురుగే బిడ్డా. నువ్వు పుట్టకముందు నుంచి నాకెరుకే."

తర్వాత పుస్తకంలో చూస్తే నిజమే. మందారానికి పట్టే పిండినల్లే ద్రాక్షకూ పడుతుంది.

ఇప్పుడు వెంచర్లు, కాలేజీలు, ఔటర్ రింగురోడ్డు ఉన్న ఈ మేడ్చల్, శామీర్‌పేట వైపు నా చిన్నతనంలో ద్రాక్షతోటలుండేవి. అనాబెషాహి, విత్తులేని థాంప్సన్. ఏడాదికి రెండు కత్తిరింపులు, వేసవిలో ఒకటి, అక్టోబరులో ఒకటి. కత్తిరించినంక తీగ మాను మీద లేచిన బెరడు ఒలవాలె. పురుగు ఆ బెరడు కిందనే దాక్కుంటది. ఒలిచిన మానుకు మందు పూయాలె. బ్రష్షు లేదు ఏం లేదు, పాత చీర పేలిక. ఒలిచేదెవరు, పూసేదెవరు? మా వాడ ఆడోళ్ళు. పండు తెంపే రోజుల్లో మాత్రం పొద్దుగూకి ఇంటికొచ్చేటపుడు గేటు కాడ వాళ్ళ కొంగులు విప్పించి చూసేవాళ్ళు.

నేను అయిదో తరగతిలో ఉండంగ అవ్వ ఒకనాడు ఖాళీ మందు సీసా ఇంటికి తెచ్చింది. మా వాడలో అవి పారేసేటోళ్ళు కాదు. బూడిదతో తోమి కిరసనాయిలు పోసుకునేటోళ్ళు. సీసా మీద పుర్రె బొమ్మ. దాంతోపాటొచ్చిన మడత కాగితం మీద చీమతలకాయంత అక్షరాలు. ఇంట్లో అక్షరం వచ్చింది నాకొక్కదానికే. కూడబలుక్కొని చదివిన, చేతులకు తొడుగులు ధరించవలెనని. అవ్వ తన చేతులు చూసుకున్నది. "తొడుగులంటే ఏందే?" అన్నది. నాకూ తెలవదు. ఆ రాత్రి ఆమె వేళ్ళు మండుతుంటే అన్నం కలిపి నేనే తినిపించిన. తెల్లారి మళ్ళా పనికి పోయింది. పోకుంటే కూలి లేదు. ఆ సీసాలో పోసుకున్న కిరసనాయిలు దీపం కిందనే నేను ఎక్కాలు నేర్చుకున్న.

సీసా మీది పేరు మోనోక్రోటోఫాస్. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోతే, వంటనూనెలో ఉన్నది ఈ మందేనని తేలింది. అప్పుడు నేను బి.ఎడ్. చదువుతున్న. పేపరు చేతిలో పట్టుకొని మా ఇంటి సీసా యాదికొచ్చి వణికిన. కూరగాయల మీద దాన్ని వాడొద్దని 2005లోనే అన్నరు. 36 శాతం ద్రావణాన్ని మొత్తానికే నిషేధించింది 2023లో. అదీ దుకాణాల్లో ఉన్న సరుకు అమ్ముకోను గడువిచ్చి. తినేటోళ్ళ సంగతి ముందు ఆలోచించిన్రు. పూసేటోళ్ళ సంగతికి ఇంకో పద్దెనిమిదేండ్లు పట్టింది.

ఈసారి అవ్వ చెప్పినట్టే చేసినం. పురుగు పట్టిన కుండీలు దూరం జరిపినం. బాగా ముదిరిన కొమ్మలు కోసి సంచిలో మూటగట్టినం. మిగిలినచోట స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కొక్క పురుగును తుడిచినం. (స్పిరిట్ నా తెలివి, తక్కినదంతా అవ్వది.) మర్నాడు పొద్దుగూకినంక లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగు తడిసేటట్టు కొట్టినం. చీమల బారి కూడా తెంపాలె. పురుగు విడిచే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తయి, దాన్ని తినే అక్షింతల పురుగులను దగ్గరికి రానియ్యవు.

ఆదివారం అవ్వ మెట్ల మీద కూసోని తుడుస్తుంటే ఇంటామె దిగివచ్చింది. ఇల్లు అడగబోయిన రోజు "మీరేమోళ్ళు?" అని ఆమె అంటే "గవర్నమెంటు టీచర్ని" అని తప్పించుకున్నదాన్ని నేను. "టీచరమ్మా, ఈమె మంచిగ చేస్తుందే, నెలకెంతిస్తున్నరు? మా కుండీలకు గూడ పంపుతరా?" అన్నది. నా ఒళ్ళు భగ్గుమన్నది. "మా అమ్మ" అన్న. అవ్వ అని రాలేదు నోటికి. అవ్వ తలెత్తి నా దిక్కు చూసింది. ఇంటామె నాలుక కరుచుకొని "అయ్యో, తెలవకన్న" అని గునిసింది. అవ్వ దూది పక్కన పెట్టి నిమ్మళంగ అడిగింది: "చేస్త గని, రోజుకెంతిస్తవమ్మా?"

ఇంటామె జవాబు చెప్పకుండనే పైకెక్కింది.

"గట్లెందుకడిగినవే అవ్వా?" అన్న రాత్రి.

"నలభై ఏండ్లు వాళ్ళు చెప్పిందే కూలి. ఒక్కసారన్న నేనడుగొద్దా? అది సరే, నువ్వేందే, నన్ను అమ్మను చేసినవు?"

నేను అన్నం గిన్నెలు కడగను లేచిన.

పది దినాలకు గుడ్లు పగిలి మళ్ళా తెల్లగ కనబడ్డది. వారానికోసారి తుడుస్తున్నం. మూత తీసిన సీసా వాపసు తీసుకోనన్నడు దుకాణంవాడు. మోరీలో పారబోయబుద్ధి కాదు. పిల్లలకందకుండ అటక మీద పెట్టిన, ఇంకా అక్కడనే ఉన్నది.