నక్షత్రం ఐదో మూల



డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో పిల్లలకంటే మాకే తొందర ఎక్కువ. అటక మీద ట్రంకుపెట్టె దించాలి, వెదురు బద్దలు చీల్చాలి, మైదా జిగురు ఉడికించాలి. బజార్లో ప్లాస్టిక్ నక్షత్రాలు చవకగానే దొరుకుతున్నాయి. అయినా పెళ్లయిన ఏడాది నుంచి మా చేతులతోనే చట్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, చర్చి ముందు వెదురుకర్రకు కట్టి లేపుతున్నాం. పిల్లలు చిన్నప్పుడు జిగురు సగం కాగితానికి, సగం వాళ్ల జుట్టుకి అంటేది. ఆ రోజులు అలాగే సాగుతాయనుకున్నాం.

పెద్దవాడికి పదమూడేళ్లు వచ్చిన ఏడాది, "ఈసారి కొనేద్దాం నాన్నా, ఎల్ఈడీది. మా క్లాసోళ్లు దీన్ని చూసి నవ్వుతున్నారు" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండును. క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం కూడా వేయనన్నాడు. "నేనేటి చిన్న గుంటనేటి, దుప్పటి కప్పుకుని నిలబడ్డానికి? అందరూ ఫోన్లలో తీసి పెడతారు."

మేము వినలేదు. పాస్టరుగారి అబ్బాయే చేయకపోతే మిగతా పిల్లలకి ఏం చెప్తామని గట్టిగా పట్టుబట్టాం. వాడు వేశాడు. స్టేజీ మీద తల దించుకుని నిలబడ్డాడు. వాడి మాట వచ్చినప్పుడు నోరు విప్పలేదు. పక్కనున్న బుడ్డ యోసేపు వాడి మాట కూడా తనే చెప్పేశాడు, సంఘమంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం ప్రేమ విందులో మావాడు విస్తరి ముందు కూర్చోలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. వేషం వేయమని పట్టుబట్టింది మా పరువు కోసమేనని మేమిద్దరం ఒకరికొకరం ఒప్పుకునేసరికి ఆ రాత్రి చాలా పొద్దుపోయింది.

లూకా సువార్త రెండో అధ్యాయాన్ని మనం క్రిస్మస్‌కి గొర్రెల కాపరుల దాకా చదివి ఆపేస్తాం. అదే అధ్యాయం చివర చూడండి. యోసేపు మరియలు ఏటేటా పస్కా పండుగకి యెరూషలేము వెళ్లేవారు. యేసుకి పన్నెండేళ్లప్పుడు కూడా వెళ్లారు. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు గుంపులోనే ఉన్నాడనుకుని ఒక రోజంతా నడిచారు. బంధువుల్లో, తెలిసినవాళ్లలో వెదికారు. మూడు రోజుల తర్వాత దేవాలయంలో కనిపించాడు, బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ. ఆయన చెప్పిన జవాబు తల్లిదండ్రులకి అర్థం కాలేదని కూడా లూకా దాచకుండా రాశాడు. తర్వాత ఆయన వాళ్లతో నజరేతుకి వెళ్లి లోబడి ఉన్నాడు. మరియ అవన్నీ మనసులో దాచుకుంది. యౌవనంలోకి వస్తున్న బిడ్డలున్న ఇంట్లో ఈ భాగం చదివితే గుండె పట్టేసినట్టు ఉంటుంది. పండుగకి తీసుకెళ్లింది తల్లిదండ్రులే. పండుగయ్యాక వాళ్లనుకున్న చోట బిడ్డ లేడు.

మరుసటి ఏడాది సంఘ పెద్దల్లో ఒకాయన (కొబ్బరి దింపులకి వెళ్తారు, ప్రసంగాలు పెద్దగా చెయ్యరు) మాతో అన్నారు: "అయ్యగారండీ, గుంటడు పెద్దోడైపోనాడు. ఆడికి ఏసం కాదు, పని సెప్పండి." ఆయనే వాణ్ణి తీసుకెళ్లి సౌండు బాక్సులు, వైర్లు, సీరియల్ లైట్లు అప్పజెప్పారు. క్యారల్స్‌కి ఏ వీధి ముందు, ఏ వీధి తర్వాత అనేది కూడా కుర్రాళ్లకే వదిలేశారు.

క్యారల్స్ దగ్గర మరో పేచీ. పెద్దలకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలి, పిల్లలకి ఫోన్లో ట్రాక్ పెట్టి పాడే కొత్త పాటలు కావాలి. ఇంటికి ఒకటి ఇది, ఒకటి అది అని రాజీ చేశాం. తెల్లవారుజామున చెరువు గట్టు అవతల చివరి ఇంటికి చేరేసరికి కరెంటు లేదు, ఆంప్లిఫయర్ బ్యాటరీ అయిపోయింది. ఆ ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంటుంది. కొడుకులు గుజరాత్‌లో వేట బోట్ల మీద పనికి వెళ్లారు. లాంతరు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. "వచ్చినారా బాబూ, ఈయేడు మర్సిపోనారేటో అనుకున్నాను" అంది. ట్రాక్ లేక పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే మామ్మే పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకుంది. 1803లో పుట్టి 1890 వరకు బతికిన ఆ భక్తుడు పర్లాకిమిడి, శ్రీకాకుళం వైపు తిరిగిన మన ప్రాంతపు మనిషే. మన పిల్లలకి పల్లవి దాటి ఒక్క చరణం రాలేదు. మావాడు ఇంటికొచ్చి అందులో ఒక మాటకి అర్థం అడిగాడు, అంతే. మర్నాడు మళ్లీ వాడి ట్రాకులు వాడివే. కానీ ఆ తర్వాతి ఏడాది చివరి ఇంటిని జాబితాలో మొదట రాసింది వాడే, మామ్మని అంతసేపు మేలుకోనివ్వకూడదని.

మొన్నీమధ్య పిల్లలిద్దరినీ అడిగాం, ఏ క్రిస్మస్ బాగా గుర్తుందని. సైకిలు కొన్న ఏడాది అంటారనుకున్నాం. ఇద్దరూ తిత్లీ ఏడాది అన్నారు! 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను మన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మన చర్చి రేకులు ఎగిరిపోయాయి. ఆ క్రిస్మస్‌కి కొత్త బట్టల్లేవు, అరిసెలు లేవు. టార్పాలిన్ కింద ఆరాధన, అన్నం, పప్పుతో ప్రేమ విందు. క్రిస్మస్ చెట్టుకి సరుగుడు తోటలో పడిపోయిన కొమ్మే తెచ్చాం. అందులో ఏం బాగుందని అడిగితే, అప్పటికి ఆరేళ్లున్న చిన్నది, "నన్ను కూడా ఇటుకలు మొయ్యనిచ్చారు కదమ్మా" అంది.

ఇప్పుడు పెద్దవాడు విశాఖపట్నంలో ఇంటర్, హాస్టలు. మన సంఘం పిల్లలు ఇంకా ఆరుగురు అలాగే ఉన్నారు. వాళ్లందరికీ 24 మధ్యాహ్నం నుంచే సెలవు. మన క్యారల్స్ ఎప్పుడూ 23 రాత్రి. ఈసారి 24కి మారుద్దామంటే కమిటీలో కొందరు కష్టపడ్డారు. ఆ రాత్రి ఆరాధన ఉంది, నిద్ర లేకుండా 25 ఉదయం ఎలా అని. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అయినా పిల్లలు లేని క్యారల్స్ కంటే నిద్ర కళ్ల ఆరాధనే మేలనిపించి 24కే నిర్ణయించాం. ఇళ్లు సగానికి తగ్గించి, మిగతావి 26న చూద్దాం. చివరి ఇల్లు మాత్రం మొదటే.

నక్షత్రం నాలుగు మూలలు అయ్యాయి. ఐదోది అన్నయ్య వచ్చేదాకా ముట్టుకోవద్దని చిన్నది జిగురు గిన్నె దాచేసింది. 24 సాయంత్రం పలాస స్టేషన్లో ఏడుగురు పిల్లలు పెట్టెలతో దిగుతారు. మనకి ఇంకో ఆటో కావాలి. ఎవరిదైనా ఖాళీగా ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక మాతో చెప్పండి.