బండారు కింద దెబ్బ

దసరా నాడు ఆదోని నుంచి ఆలూరు వచ్చే బస్సులో కూర్చుంటే చాలు, పక్కవాడు అడిగేస్తాడు: "గట్టుకేనా?" గట్టంటే దేవరగట్టు. హొళగుంద మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కొండ. మాళమల్లేశ్వరస్వామి గుడి అక్కడే. విజయదశమి అర్ధరాత్రి అక్కడ బన్ని ఉత్సవం జరుగుతుంది. దివిటీలు, ఇనుప రింగులు తొడిగిన కర్రలు, వేలాది జనం.

నేను ఫిజియోథెరపిస్టుని. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల మోకాళ్లూ చీలమండలూ చూసుకుంటూ బతికేవాణ్ని. ఆలూరు మిత్రుడొకడు "దెబ్బలు చూసేటోనివి, ఇది సూడకుంటే ఎట్లప్పా" అని వెంటబెట్టుకుపోయాడు.

దారిలో ఆటో నడిపిన పెద్దాయనది నెరణికి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఉత్సవ విగ్రహాలకు కాపు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, విరుపాపురం లాంటి ఊళ్ల వాళ్లు వాటిని తమ వైపు తీసుకుపోవాలని చూస్తారు. ముందుగా పాలు ముట్టి బాస చేసుకుంటారు, పగలూ కక్షలూ పెట్టుకోబోమని. దీక్షలో ఉన్నవాళ్లు చెప్పులు వేసుకోరు, మాంసం, మందు ముట్టరు. "దీక్షలో ఉన్నోని కర్ర అదుపులో ఉంటాది సార్. తాగొచ్చినోనితోనే భయం," అన్నాడాయన. ఆ రాత్రి నేను విన్న వైద్య సలహాల్లో ఇదే మొదటిది, బహుశా మేలైనదీ.

కొండ కింద ఆరోగ్యశాఖ వాళ్ల తాత్కాలిక ఆసుపత్రి. మంచాలు, సెలైన్లు, కుట్లు వేసే సామాను, ధనుర్వాతం ఇంజెక్షన్లు, పక్కనే అంబులెన్సులు. స్వామి కల్యాణం అయ్యి విగ్రహాలు మెట్లు దిగాక కాసేపటికే తలలు రావడం మొదలైంది. తలలని ఎందుకంటున్నానంటే, ఎక్కువ దెబ్బలు అక్కడే. నెత్తి మీద చర్మానికి రక్తనాళాలు మెండు. కింద గట్టిగా అల్లుకున్న పొర వాటిని ముడుచుకోనివ్వదు. అందుకే చిన్న చీలికైనా చొక్కా తడిసిపోతుంది. చూసేవాళ్లు బెదిరిపోతారు గానీ, గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. భయపడాల్సింది రక్తం కారని దెబ్బకి. పుర్రె లోపల నాళం చిట్లినవాడు లేచి నిలబడతాడు, నవ్వుతాడు, మాట్లాడతాడు. గంటో రెండు గంటలో గడిచాక వాంతులు, మత్తు, ఒక కంటిపాప పెద్దదవడం. తాగి ఉంటే అది మందు మత్తో మెదడు మత్తో ఎవరూ చెప్పలేరు. ఆటో పెద్దాయన మాటకు అర్థం ఇదే.

శిబిరానికి వచ్చినవాళ్ల కంటే రానివాళ్లే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేశారు. ఒక కుర్రవాడి చెవి పైనుంచి మెడ దాకా బండారు, అంటే స్వామి పసుపు, పూసి ఉంది, దాని కిందనుంచి ఎర్రగా ఊరుతోంది. రమ్మంటే, "నొప్పే ల్యాదన్నా, సామి బండారు పెట్టినాం గదా" అన్నాడు. అబద్ధం కాదది. ఆ క్షణంలో అతనికి నిజంగానే నొప్పి లేదు. ఒంట్లో అడ్రినలిన్ ఉరుకుతున్నప్పుడు మెదడు నొప్పి కబురును పక్కన పెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ తీరాన హెన్రీ బీచర్ అనే అమెరికా డాక్టరు, ఘోరంగా గాయపడిన సైనికుల్లో చాలామంది మార్ఫిన్ అడగకపోవడం చూసి 1946లో రాశాడు. నొప్పి ఉందా అని అడిగి గాయాన్ని కొలవలేం. పసుపుకు ప్రయోగశాలలో మంచి పేరే ఉంది, కాదనను. కానీ తెరిచిన గాయంలో పొడి దూరితే మురికి లోపలే ఉండిపోతుంది, కుట్టేవాడికి అంచులు కనపడవు. ముందు శుభ్రమైన నీళ్లు, ఆ తర్వాత బండారు. ఈ మాట చెబితే పూజారులు కూడా కాదనరనే నా నమ్మకం.

మా కబడ్డీ కోర్టుల్లో అడ్రినలిన్‌కు తోడు సూది కూడా ఉంది. మ్యాచ్‌కు ముందు డైక్లోఫెనాక్ పొడిపించుకుని వాచిన మోకాలితో దిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఇంకా గట్టి మందైన ట్రమడాల్‌ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2024 జనవరి 1 నుంచి పోటీల సమయంలో నిషేధించింది. ఊరి టోర్నమెంటులో అడిగేవాడెవడు? క్రికెట్‌లో 2019 ఆగస్టు నుంచి తలకు దెబ్బ తగిలి కంకషన్ అయినవాడి స్థానంలో మరొకణ్ని దింపొచ్చు. ఆ నెలలోనే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ వచ్చాడు. అక్కడ ఆటగాడి మాట చెల్లదు, డాక్టరు మాటే చెల్లుతుంది. దేవరగట్టులో ఏ డాక్టరు వెళ్లి "నువ్వు బయటికి రా" అనగలడు? ఆ కుర్రవాణ్ని చివరికి తెచ్చింది వాళ్ల మేనమామ, జబ్బ పట్టుకుని, బూతులు తిడుతూ.

దశమి చంద్రుడు ఎప్పుడో దిగిపోయాడు. రక్షపడ అనే చోట పూజారి తన తొడ గీరి రక్తం సమర్పించడం దూరం నుంచే చూశాను. తెల్లవారాక బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి వినడానికి జనం కూడారు. నొప్పులు అప్పుడు బయటపడ్డాయి. రాత్రంతా గెంతినవాళ్లు ఇప్పుడు కుంటుతున్నారు. ఒకతను ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. ముంజేతికి చిటికెన వేలి వైపు, మధ్యలో వాపు. మీదికొచ్చే కర్రకు చెయ్యి అడ్డం పెడితే సరిగ్గా ఆ ఎముకే విరుగుతుంది. ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో దానికి పోలీసు లాఠీ పేరే పెట్టారు.

వాళ్లన్న పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నాడు. నేను వద్దనలేదు, అంటే వినేట్టూ లేరు. ఎక్స్‌రే తీశాక ఎముక ఎంత జరిగిందో చూసి ఏదైనా చేసుకోండన్నాను. ఎక్కడ కట్టించినా వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా ఆ కట్టు వెంటనే విప్పించాలని అన్నతో రెండుసార్లు చెప్పించుకున్నాను.

"ఆదోనిలో ఫోటో తీపిచ్చేకి ఎంతయితాది సార్?" అన్నాడు అన్న.

"సర్కారు ఆస్పత్రికి పోప్పా, దుడ్డు పనిల్యా," అన్నాడు మా ఆటో పెద్దాయన, ముందు సీటు ఖాళీ చేయిస్తూ.