నిప్పునఁ బుట్టిన మంచుకొండ

మా బోగోలు సీమ కడలియొడ్డున నున్న మైదానము. ఒకవంక జువ్వలదిన్నె సముద్రము. మఱియొకవంక కొండబిట్రగుంటలోఁ బ్రసన్న వేంకటేశ్వరస్వామి. మాకుఁ గొండ యన్న దేవుఁడుండు చోటు. మ్రొక్కు చెల్లించుటకై యెక్కుదుము. మొన్న స్వామిదర్శనము చేసి దిగుచుండఁగా మా యమ్మాయి, “అమ్మా, నేను కిలిమంజారో యెక్కుదునా?” యని యడిగెను. “వద్దు” అను మాట నా నాలుకచివర నిలిచినది. తెలియని దానిని వద్దనుట న్యాయము కాదని, యా కొండనుగూర్చి చదివితిని.

ఆఫ్రికా ఖండమున టాంజానియా దేశమునఁ గల యీ పర్వతము 5,895 మీటర్ల యెత్తు గలది. ఆ ఖండమున నింతకు మించిన కొండ లేదు. భూగర్భమునఁ గరఁగిన ఱాయి పలుమాఱు పైకుబికి గడ్డకట్టుటచే నిది యేర్పడినది. దీని మూఁడు అగ్నిముఖములలో షీరా, మావెంజీ చల్లాఱినవి. కిబో మాత్రము నిద్రించుచున్నది. తోడి కొండలు లేక యొంటిగా నిలుచుటచే దూరమునుండియే మనసును లాగును.

దిగువ నరఁటి, కాఫీ తోఁటలు, వానిపైఁ జిక్కని యడవి, పిదపఁ బొదలు, ఱాళ్ల యెడారి, కొనయందు మంచు. భూమధ్యరేఖ చెంతనే మంచును ద్రొక్కు వింతకై యేఁటేఁట వేలకొలఁది జనులు వత్తురు. 1912 నాటి మంచులో నూటికి 80 పాళ్లకు మించి కరఁగిపోయినదఁట!

1889 అక్టోబరు 6వ తేదిని హాన్స్ మేయరు, లుడ్విగ్ పుర్ట్‌షెల్లరు దీని శిఖరమును జేరిరి. నేఁడు వాడుకలో నున్న దారులలోఁ ద్రాళ్లతోఁ బని లేదు, నడకయే చాలును. అయినను సులభమని తలఁపరాదు. కొనయందు గాలి పలుచన. ఒక్కొక్క యూపిరికి సముద్రతీరమున లభించు ప్రాణవాయువులో సగమే లభించును. తొందరపడువారికిఁ దలనొప్పి, వాంతులు కలుగును. మితిమీఱిన మెదడునందో, యూపిరితిత్తులయందో నీరు చేరి ప్రాణమునకే ముప్పు. అట్టిచో వెంటనే క్రిందికి దిగుటయే ముఖ్యమైన చికిత్స. కావుననే యచటి దారిచూపువారు స్వాహిలి భాషలో “పోలే, పోలే” యందురు; “మెల్లగా, మెల్లగా” యని యర్థము. శిఖరము పేరు ఉహురు, అనఁగా స్వాతంత్ర్యము.

మన తెలుఁగు నాఁట నిజామాబాదు ప్రాంతపుఁ బాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింటఁ బుట్టిన మాలావత్ పూర్ణ, భువనగిరి గుట్టపై శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే యెవరెస్టు నెక్కెను. 2016లోఁ గిలిమంజారో నెక్కెను. 2022 నాటికి ఏడు ఖండముల యున్నత శిఖరములను ముగించెను. ఆ పిల్లను గడప దాఁటించిన తల్లి గుండె యెంత కొట్టుకొనెనో!

సోదరీమణులారా, నా భయము పోలేదు. కాని కొండ నెక్కువారికిఁ గావలసినది తెగువ యొక్కటియే కాదనియు, వెనుకకు మరలవలసిన వేళ నెఱుఁగు వివేకమనియుఁ దెలిసినది. ఆ వివేకమును ఇల్లే నేర్పవలయును. “వద్దు” అనుట మాని, “రేపటినుండి వేకువనే నాతో నడువుము” అంటిని. ఇప్పు డిద్దరమును నడచుచున్నాము, మెల్లగా, మెల్లగా.