పెరటి గేటు హాల్లోకి వచ్చాక

పెచ్చులూడిన రంగంటే నాకు చాలా ఇష్టం. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఇంకా కింద ఎర్ర ప్రైమరు, అక్కడక్కడ తొంగిచూసే ఇనుము. కొత్త వస్తువు మీద ఎంత డబ్బు పోసినా ఆ అందం రాదు. ఆ ఇష్టంతోనే మా ఊరి పెరట్లోని పాత సామాను తెచ్చి హైదరాబాద్ ఫ్లాట్‌లో అలంకరించుకున్నాను. ఏ వస్తువు దేంతో చేశారో, దాన్ని దేనికి వాడారో ఒక్క మాటైనా అడగలేదు. ఇలా తెచ్చుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ తరహా అలంకరణను షాబీ షిక్ అంటున్నారు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన రేచల్ యాష్‌వెల్ 1989లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆ పేరుతోనే దుకాణం తెరిచాక బాగా వ్యాపించింది. అరిగిన బల్లలు, వెలిసిన పూల బట్టలు, రంగు పోయిన కుర్చీలు దాని ప్రాణం. అక్కడివాళ్లు వాటి కోసం పాత సామాన్ల సంతలన్నీ తిరుగుతారు. మనకు అంత దూరం అక్కర్లేదు, అమ్మానాన్నల దొడ్డి చాలు.

మాది బాపట్ల దగ్గర పల్లె, సముద్రానికి దగ్గర. పెంకుటిల్లు తీసేసి డాబా వేస్తున్నప్పుడు పెరటి సామానంతా ఓ మూల కుప్ప పోశారు. నాన్న పాతినుము కొనేవాడికి కబురు పెట్టబోతుంటే ఆపాను. దొడ్డిగేటు, వెదురు నిచ్చెన, మొక్కలకు నీళ్లు పోసే రేకుడబ్బా, దోకుడుపార, గునపం, బావి గిలక అన్నీ ఇక్కడికి తెప్పించుకున్నాను.

గేటును సోఫా వెనక గోడకు ఆనించి, దాని ఊచలకు ఫొటోలు వేలాడదీయాలని నా ఆలోచన. ఊడిపోతున్న పెచ్చులు కొంత రాలగొట్టి, అంచులు నున్నగా చేస్తే బాగుంటుందనిపించింది. బాల్కనీలో కూర్చుని గరుకు కాగితంతో పొడిపొడిగా రుద్దాను. సన్నటి ధూళి లేచింది. పక్కనే మా పాప. అప్పటికి దానికి రెండేళ్లు నిండలేదు. నేల మీద దొరికింది ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు. చీపురుతో ఊడ్చేసి పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన పెయింటర్ ఆ గేటును కాసేపు పరీక్షగా చూశాడు. "అమ్మా, ఈ కింది ఎరుపు రెడ్ ఆక్సైడ్ కాదు, రెడ్ లెడ్డు. తుప్పు పట్టకుండా పాత గేట్లకు ఇదే కొట్టేవాళ్లు. పసిపిల్లను పెట్టుకుని దీన్ని రుద్దారా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎర్ర ప్రైమరులోనే కాదు, పాత ఎనామిల్ రంగుల్లోనూ సీసం ఉండేది. రంగు నిగనిగలాడటానికి, తొందరగా ఆరడానికి, వానకూ ఎండకూ నిలవడానికి సీసం సమ్మేళనాలు కలిపేవారు. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో 1978లోనే దాన్ని నిషేధించారు. మన దేశంలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. కాబట్టి అంతకు ముందు వేసిన రంగు ఏదైనా సరే, పరీక్ష చేయించేదాకా సీసం ఉన్నట్టే లెక్క. నేను ఒక పెచ్చు ల్యాబ్‌కు పంపిస్తే, పరిమితికి ఎన్నో రెట్లు ఉందని తేలింది. గోడమీద గట్టిగా అంటుకుని ఉన్న రంగుతో అంత భయం లేదు. పెచ్చులై రాలేదీ, ధూళిగా లేచేదీ ప్రమాదం. ఈ అలంకరణలో అందమంతా ఆ పెచ్చుల్లోనే ఉందని మరిచిపోకూడదు.

మింగిన సీసాన్ని పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో సూచించింది. పాపకు పరీక్ష చేయించాం. 5 లోపే వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను గానీ, ఆ కాగితం మీద ఉన్నది సున్నా కాదు. అందులో నా గరుకు కాగితం వంతు ఎంతో ఏ డాక్టరూ చెప్పలేడు. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలు సీసాన్ని మరింత పీల్చుకుంటారని చెప్పి, తిండి విషయంలో జాగ్రత్తలు రాశారు. ఆకుకూర, రాగిజావ మానకుండా పెడుతున్నాం.

ఊడవడం కూడా తప్పేనట. చీపురు ఆ ధూళిని మళ్లీ గాల్లోకి లేపుతుంది. తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డలు పారేయాలి. బాల్కనీ, కిటికీ పట్టాలు, పాప బొమ్మలు అన్నీ అలాగే తుడిచాం, కడిగాం. రాలే రంగును ఏ కారణంతోనూ పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. తప్పనిసరైతే తడిపి, తగిన మాస్కు పెట్టుకుని, పిల్లలు లేనిచోట తెలిసినవాళ్ల చేత చేయించండి.

గేటు సంగతి ఇలా ఉంటే నిచ్చెన మరో పాఠం నేర్పింది. దాని వయసు పెద్దది కాదు. ఉప్పుగాలికి, ఎండకు తెల్లబారి తాతలనాటిదానిలా కనిపించింది, అంతే. హాల్లో గోడకు ఆనించి మెట్ల మీద దుప్పట్లు మడతపెట్టాను. కొన్నాళ్లకు మా అత్తయ్య, "ఏంటమ్మా, ఇక్కడ రోజూ ఈ పిండి?" అని అడిగారు. కణుపుల పక్కన గుండుసూది మొన దిగేంత రంధ్రాలు, వాటి కింద పౌడరు లాంటి పొట్టు. పుచ్చుపురుగు పట్టింది. వెదురులోని పిండిపదార్థమే ఆ పురుగుకు ఆహారం. అందుకే కోసిన బొంగుల్ని వారాలపాటు నీళ్లలో నానబెట్టి ఆ పిండిపదార్థాన్ని వదలగొట్టే పద్ధతి ఉంది. మా నిచ్చెనకు ఆ సేవ జరగలేదు. నేను దాని మీద వేసిన వార్నిష్ లోపలి పురుగును ఏమీ చేయలేకపోయింది. తలుపు చట్రాలకూ పాకుతుందేమోనన్న భయంతో నిచ్చెనను బయట పెట్టించేశాను. ఇప్పుడైతే వెదురైనా మామిడిచెక్కైనా ముందు బాల్కనీలో నల్లకాగితం మీద నిలబెట్టి కొన్ని వారాలు చూస్తాను. పొట్టు రాలితే లోపలికి రానివ్వను. రాలకపోయినా, రంగో వార్నిషో వేసే ముందే బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పట్టిస్తాను. వార్నిష్ వేశాక అది లోపలికి ఇంకదు.

రేకుడబ్బాను వంటింట్లో గరిటెలు పెట్టుకోవడానికి వాడాను. నాన్న వచ్చి చూసి, "తల్లీ, ఇందులో పురుగుమందు కలిపేవాళ్లం" అన్నారు. ఆ గరిటెల్ని కూడా పారేశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇనుము మాత్రం ఓపిగ్గా చూసుకుంటే మాట వింటుంది. మొదట్లో దోకుడుపారకు, గునపానికి పైపైన తుప్పు దులిపి వార్నిష్ పూశాను. ఒక వానాకాలం గడిచేసరికి పొర కింద గోధుమరంగు బుడగలు లేచాయి. సముద్రగాలి మోసుకొచ్చిన ఉప్పు తుప్పులో ఇంకిపోయి ఉంటుంది. దాన్ని కడగకుండా పైన మూత వేస్తే లోపల తినేస్తూనే ఉంటుంది. రెండోసారి వార్నిష్ తీసేసి, మంచినీళ్లు మార్చి మార్చి నానబెట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, టానిక్ యాసిడ్ ఉండే ద్రావణం పూశాను. తుప్పు నీలినలుపుకు తిరిగింది. మా ప్రాంతానికి ఇది కొత్త రసాయనం కాదు. పెడనలో కలంకారీ నలుపు పుట్టేది ఇలాగే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి ఆ రసాన్ని కరక్కాయ పట్టించిన బట్ట మీద అద్దుతారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. నా దోకుడుపార మీద అదే నలుపు చూసినప్పుడు కలిగిన సంతోషం ఆ గేటు ఎప్పుడూ ఇవ్వలేదు. చివర్లో తేనెమైనం రుద్దాను. కొబ్బరినూనె రాయకండి, అది ఆరక దుమ్మునంతా పట్టుకుంటుంది. అవిసెనూనె ఆరుతుంది గానీ, దాన్ని అద్దిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేశాకే పారేయాలి.

గేటును అమ్మడానికి మనసొప్పలేదు. మరో ఇంటి పిల్లల ముందు పెట్టినట్టే అవుతుంది. ఇంట్లో ఉంచడానికి ధైర్యం చాల్లేదు. చివరికి ఆ పెయింటరే మందపాటి పాలిథిన్ పరిచి, తడిగా శుభ్రం చేసి, కొత్త సీసరహిత రంగు దట్టంగా వేసి, నాన్న కట్టిన డాబా మెట్ల కింద, పిల్లలకు అందని ఎత్తులో బిగించి వచ్చాడు. పాత ఆకుపచ్చా, నీలమూ ఇక కనిపించవు. పోయింది ఆ రెండు రంగులే.

తెచ్చినవాటిలో ఏ జాగ్రత్తా లేకుండా మొదటి నుంచీ సరిపడింది బావి గిలక ఒక్కటే. దానికెవరూ ఎప్పుడూ రంగు వేయలేదు. ఏళ్ల తరబడి మోకు ఒరిపిడికి గాడి నున్నబడింది. దానికి తీగమొక్క కుండీ వేలాడదీశాం. కొక్కేన్ని ఫాల్స్ సీలింగ్‌కు కాకుండా పైన స్లాబులోకి యాంకర్ బోల్టుతో దింపాం. నీళ్లు పోశాక కుండీ, గిలక కలిపి ఎంత బరువుంటాయో ముందే తూచి, అంతకు రెట్టింపు మోసే బోల్టు తీసుకున్నాం.