చల్లబడితే మారిపోయేవి

కృష్ణబిలాల కబుర్లు పిల్లలకు చెబుతూంటే, పెద్దలు తరచు, “వాటి సంగతి తెలిసి మనకేమిటి లాభం?” అని నన్ను అడుగుతూంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నేను ఒక వింత ద్రవం కథతో జవాబు చెబుతాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకు వచ్చి, సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును పరిశీలించాడు. ఆ ఏడే ఇంగ్లండులో లాకియర్, అటువంటి వెలుగులో ఉన్న ఒక పసుపుపచ్చ గీత భూమి మీద ఎరిగిన ఏ పదార్థానిదీ కాదని గ్రహించాడు. ఆ కొత్త పదార్థానికే హీలియం అని పేరు వచ్చింది. బెలూన్లలో నింపే వాయువు అదే.

1908లో హాలండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆనెస్ ఈ వాయువును ద్రవంగా మార్చాడు. అందుకు సున్నకు దిగువన 269 డిగ్రీల చలి కావలసివచ్చింది. ఇంకో రెండు డిగ్రీలు చల్లబరిస్తే, కుతకుత ఉడికే ఆ ద్రవం ఉన్నట్టుండి నిశ్చలమైపోతుంది! గిన్నెలో పోస్తే అంచులెక్కి బయటికి పాకుతుంది. అతి సన్నని సందుల్లో కూడా అడ్డు లేకుండా పారుతుంది. 1938లో మాస్కో నుంచి కపిత్సా, కేంబ్రిడ్జి నుంచి ఆలెన్, మైసెనర్‌లు ఈ సంగతి వెల్లడించారు. ఇటువంటి ద్రవమే సూపర్‌ఫ్లూయిడ్.

మరి కృష్ణబిలం మాటేమిటి? దానికీ ఉష్ణోగ్రత ఉంటుందని 1974లో హాకింగ్ లెక్క కట్టి చూపాడు. ఉష్ణోగ్రత అంటూ ఉంటే, నీరు మంచుగా మారినట్టు, అదీ ఒక దశలో స్థితి మారవచ్చు గదా!

1997లో మాల్డసేనా ఒక చిత్రమైన ఊహ చేశాడు. ఒక రకం విశ్వంలో ఆకర్షణ శక్తి వల్ల జరిగేదంతా, దాని సరిహద్దు మీద ఆకర్షణ లేని మరో భాషలో రాసి ఉన్నట్టే లెక్కించవచ్చునట. బల్లపరుపు ఫలకంలో లోతుగల బొమ్మ కనిపించే హోలోగ్రామ్ వంటిదన్నమాట. 2008లో హార్ట్‌నాల్, హెర్జోగ్, హోరోవిట్జ్ అటువంటి విశ్వంలోని కృష్ణబిలాన్ని లెక్కల్లో చల్లబరిచారు. ఒకానొక ఉష్ణోగ్రతకు దిగగానే దాని చుట్టూ ఒక పొర ఏర్పడింది. అదే సంగతిని సరిహద్దు భాషలో చదివితే, సూపర్‌ఫ్లూయిడ్ వంటి స్థితి పుట్టింది!

ఇది ఆకాశంలోని కృష్ణబిలం కాదు, కాగితం మీదిది. గిన్నెలోని హీలియం సరిగ్గా ఈ లెక్క ప్రకారమే నడుస్తుందని కూడా ఎవరూ అనరు. అయినా లాభం ఉంది. కణాలు ఒకదానితో ఒకటి మరీ గట్టిగా పెనవేసుకున్న పదార్థాలకు మామూలు లెక్కలు సాగవు. అటువంటి చిక్కులెక్కను కృష్ణబిలం వైపు నుంచి చేస్తే ఒక్కొక్కప్పుడు సులువవుతుంది.

అందుచేత, పిల్లలూ, మీరు ఏదైనా దూరపు సంగతి అడిగినప్పుడు “దానితో మనకేం పని?” అని ఎవరన్నా అంటే చిన్నబుచ్చుకోకండి. గుంటూరు గ్రహణం నాడు, ఆ వెలుగు వెనక ఇటువంటి ద్రవం దాగి ఉన్నదని ఎవరికి తెలుసు?