తాత బండి బోరుకొచ్చింది!

మా నారాయణఖేడ్‌లో బోరు అంటే రెండు రకాలు. పొలంలో వేసేది ఒకటి, బండికి కొట్టించేది ఇంకొకటి. మొదటిది లోతుకు పోతుంది, రెండోది వెడల్పుకు. ఎంతవరకు పోవాలన్న దగ్గరే ఇంట్లో గొడవలు. పోయిన దసరాకు మా ఇంట్లో అయింది రెండో రకం గొడవ.

బస్సు దిగి గుమ్మంలో కాలు పెట్టానో లేదో... ''మామా, తాత బండి బోరుకొచ్చింది'' అన్నాడు మేనల్లుడు. బాధతో కాదు, లాటరీ తగిలినంత సంబరంగా!

ఆ బండి యమహా ఆర్‌ఎక్స్ 100. బాపు 1993లో కొన్నాడు. పశువైద్య శాఖలో కాంపౌండరు ఆయన. మందుల డబ్బా వెనక కట్టుకుని తండాలన్నీ ఆ బండి మీదే తిరిగాడు. మాది అప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. జిల్లా మారింది గానీ బాపు బండి మారలేదు. మన దేశంలో ఆ మోడల్ 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అయినా దాని చప్పుడు వింటే చాలు, అది ఆగిపోయాక పుట్టిన పిల్లలు కూడా రోడ్డు మీద తల తిప్పి చూస్తారు. మా వాడూ ఆ బాపతే. పందొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్‌లో మెకానికల్.

బోరుకు రావడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజన్‌లో గొట్టంలాంటి సిలిండర్ ఉంటుంది. అందులో పిస్టన్ నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ నడుస్తుంది. ఏళ్ల తరబడి ఆ రాపిడికి గొట్టం లోపల అరిగిపోతుంది. అరుగుడు కూడా అంతటా సమానంగా ఉండదు. గుండ్రటిది కాస్తా కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. కిక్ కొడితే కాలికి బరువే తెలియదు, ఎత్తు ఎక్కుతుంటే బండి లాగదు. అప్పుడు గొట్టాన్ని లోపలి నుంచి కొంచెం కోసి మళ్లీ గుండ్రంగా చేసి, ఆ మేరకు లావు పిస్టన్ వేస్తారు. ఈ లావు పిస్టన్‌లు పావు మిల్లీమీటర్ చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. 0.25, 0.50, 0.75, చివరికి 1.00. నాలుగే మెట్లు.

మా వాడికి ఈ మెట్ల మీద నమ్మకం లేదు. కాగితం, పెన్ను తెచ్చాడు. ''చూడు మామా. తాత బండి సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 50. లెక్క కడితే 98 సీసీ. ఆర్‌ఎక్స్ 135కి కూడా పిస్టన్ నడక అదే 50. వెడల్పు ఒక్కటే 58. దానికి 132 సీసీ! ఎట్లాగూ బోరు కొట్టించాలె గదా, అదేదో 58కి కొట్టిద్దాం.''

లెక్క తప్పు కాదు. గుండ్రటి డబ్బా వెడల్పు పెంచితే అందులో పట్టే నీళ్లు వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతాయి. ఎనిమిది మిల్లీమీటర్లకే మూడో వంతు ఇంజన్ ఉచితంగా వచ్చినట్టు కనిపిస్తుంది. బాపు ఏమీ అనలేదు. ''ఉస్తాద్‌కు చూపియ్యిన్రి'' అని పేపర్లో తల దూర్చాడు.

పండగ మర్నాడు ఉస్తాద్ షెడ్డుకు పోయాం. డెబ్బై దాటిన మనిషి. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. హెడ్డు విప్పాడు. పిస్టన్ నెత్తి మీద నల్లగా పేరుకున్న మసిని బ్లేడుతో మెల్లగా గీకాడు. అడుగున అంకె తేలింది... 50.

''అరే, ఇది రెండో బోరు మీదుంది'' అన్నాడు మేనల్లుడు. ''మొదటి రెండు మెట్లు ఎవరు తిన్నరు మామా?''

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను హెడ్డు వైపు చూశాను.

2008లో నాకూ దాదాపు వాడి వయసే. డిగ్రీ చదువుతున్నా. ఈ బండికి ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. చిన్న పంపు దాన్ని ఇంజన్‌కు అందిస్తుంది. ఆ పంపు పవర్ తింటుందని ఎవరో చెప్పారు. తీసేశాం. ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలిపాం, ఎంతో కొలవకుండా. పైగా హెడ్డు అరగదీయించాం, మంట గట్టిగా కొట్టాలని. పని చేసింది! బీదర్ రోడ్డు మీద బండి ఎగిరినంత పని చేసింది. ఓ పది నిమిషాలు. తరవాత కీచుమని ఒక చప్పుడు, వెనక చక్రం బిగుసుకుపోయింది. వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడను పట్టేసుకుంది. అలాంటప్పుడు క్లచ్ నొక్కాలట. నాకది రోడ్డు మీద పడ్డాక గుర్తొచ్చింది. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

చీకటి పడ్డాక బండి నెట్టుకుంటూ ఇంటికొచ్చాను. బాపు నా మోచేయి చూశాడు, బండి చూశాడు. మర్నాడు పొద్దున డబ్బులు చేతిలో పెట్టి ''యాభై పిస్టన్ వెయ్యమను'' అన్నాడు. అంతే. తిట్లకోసం చాలా ఏళ్లు ఎదురుచూశాను. రాలేదు.

ఇదంతా ఆ రోజు షెడ్డులో చెప్పాల్సి వచ్చింది. మేనల్లుడు తెగ నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. బ్లాకును వాడి చేతిలో పెట్టి, లోపల వేలితో తడమమన్నాడు.

''బయటిది అల్యూమినియం. లోపల ఇనుప స్లీవ్. పిస్టన్ నడిచేది ఈ స్లీవ్‌ల. నువ్వు చెప్పే 58కి అటు నాలుగు, ఇటు నాలుగు మిల్లీమీటర్లు పోవాలె. స్లీవ్ ఉంటదా బేటా?''

ఉండదు. పాత స్లీవ్ తీసేసి, అల్యూమినియం కోసి, పెద్ద స్లీవ్ దింపాలి. స్లీవ్ తోక కింద ఇంజన్ కేసులోకి దిగుతుంది కాబట్టి ఆ మూతీ కొరగాలి. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో సిలిండర్ గోడకే కిటికీలు ఉంటాయి. కొత్త పెట్రోల్ ఆవిరి వచ్చేది, కాలిన పొగ పోయేది వాటిలోంచే. కొత్త స్లీవ్ కిటికీలు బ్లాకులోని దారులకు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. పాత హెడ్డే పెడితే ఎక్కువ గాలిని అదే జాగాలో కుక్కినట్టే. లోపల టకటకా కొట్టుకుంటుంది. హెడ్డు మార్చాలి, కార్బురేటర్ మార్చాలి. పెరిగిన వేడిని మాత్రం పాత బ్లాకు రెక్కలే మోయాలి. 135 అంటే 100ను కొరిగింది కాదు, దాని బ్లాకునే కంపెనీ వేరేగా పోసింది.

నేనూ ఒక మాట కలిపాను. పేపరోణ్ని కదా! ఆర్‌సీలో సీసీ రాసి ఉంటుంది. దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తరవాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రేసు ట్రాకు మీద తిప్పే బండి సంగతి వేరు. తాత ఆర్‌సీ మీద తండాలకు తిరిగిన బండి సంగతి వేరు.

వాడు దిగొచ్చాడు గానీ పూర్తిగా కాదు. ''అయితే ఒకేసారి 1.00 వేద్దాం. చివరి మెట్టు.'' ఉస్తాద్ గేజ్ దింపి పైన, నడుమ, కింద కొలిచాడు. ''75కే సాఫ్ అయితది. అవసరం లేని లోహం ఎందుకు కోస్తవ్? కోసింది మళ్లా అంటదు.''

మెట్లన్నీ అయిపోతే ఏమిటని అడిగాను. బ్లాకును వేడి చేస్తారట. ఇనుము కంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. పట్టు వదలగానే పాత స్లీవ్ జారిపోతుంది. కొత్తది దింపి, మళ్లీ 50 నుంచి మొదలు. ''తోవ ఉంది. గానీ ఉన్నది మంచిగున్నప్పుడు ఆ తోవ ఎందుకు?'' అన్నాడు.

ఉస్తాద్ దగ్గర బోరింగ్ మిషను లేదు. నమ్మకమైన లేత్ షాపు బీదర్‌లో ఉంది. మాకు హైదరాబాద్ కన్నా బీదరే దగ్గర. బ్లాకును గోనెసంచిలో చుట్టుకుని వెళ్లాం. లేత్ మనిషి సగం ఉర్దూ, సగం కన్నడం. ముందు పిస్టన్ ఏదన్నాడు. పిస్టన్ చేతికొచ్చాకే బోరు, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు కోత. పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు మిల్లీమీటర్‌లో వందకు నాలుగు వంతులు, అటూఇటూగా. మరీ బిగిస్తే నా 2008 మళ్లీ వస్తుంది. వదులైతే గలగల. చివరి కాస్త కోతను మిషనుతో కాకుండా రాళ్లతో హోనింగ్ చేశాడు. గోడ మీద అడ్డగీతలు పడ్డాయి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనేనట. కిటికీల అంచులు మొద్దుబార్చాడు, రింగులు తట్టుకుని విరగకుండా. తరవాత ఉస్తాద్ దాన్ని వేడి సబ్బు నీళ్లతో ఎన్నిసార్లు కడిగాడో! తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంత వరకూ కడుగుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి లెక్క కట్టాం. 50.50 దగ్గర ఇంజన్ 100 సీసీ. 98తో పుట్టి, నా నిర్వాకం వల్ల ఆ బండి ఇన్నేళ్లుగా నిజంగానే తన పేరుకు తగ్గట్టు ఉంది! ఇప్పుడు 50.75కి 101.

''ఇంత చేసి ఒక్క సీసీనా?'' ముఖం వేలాడేశాడు మేనల్లుడు.

''ఒక్క సీసీ అంటే తక్కువనా?'' అన్నాడు బాపు. ''కొన్ని మందులు ఒక్క సీసీ ఎక్కువ గుచ్చితే బర్రె పంటది.''

ఆ సాయంత్రం బాపు పాత పిస్టన్ తెమ్మన్నాడు. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నాకు మళ్లీ గొంతు తడారిపోయింది. ఇప్పుడు అడుగుతాడనుకున్నా.

''యాభై నీది. పాతిక ఎవలదనుకున్నవ్?''

వయసు వల్ల అరిగి ఉంటుందన్నాను. అమ్మ కూడా అదే చెప్పేది.

''మీ అమ్మకు నేను చెప్పిన మాట అది. 2001ల. రాత్రి తండా నుంచి కబురొచ్చింది, బర్రె ఈనలేకపోతుందని. ఆయిల్ ట్యాంకు చూసుకోకుండ పోయిన. సగం తోవల ఇంజన్ పట్టేసింది. డబ్బ నెత్తిన పెట్టుకుని నడిసిన.''

నాకేం మాట్లాడాలో తోచలేదు. మేనల్లుడే అడిగాడు.

''బర్రె బతికిందా తాతా?''

''బతికింది. దూడ గూడ.''

కొత్త బోరు కదా, మొదటి 500 కిలోమీటర్లు సగం థ్రాటిల్ దాటొద్దని ఉస్తాద్ ఆజ్ఞ. బాపు గోడ క్యాలెండర్ మీద రోజూ రీడింగ్ రాస్తున్నాడు. నేను హైదరాబాద్ బస్సెక్కే రోజు మేనల్లుడు బస్టాండుకు దింపడానికి బండి తీశాడు. తీస్తూ తీస్తూ వెనక్కి తిరిగాడు.

''తాతా, ఇంకొక్క మెట్టు మిగిలింది. అది నాదేనా?''

''ముందు ఆయిల్ చూసుకో'' అని బాపు లోపలికి వెళ్లిపోయాడు.